మంత్రిగారి జడ

"ఈ ఏడాది మన ఇంజనీర్లని నాలుగు వందల మందిని విదేశాలకి పైచదువుకి పంపిస్తున్నాం అధ్యక్షా! పంపించి తీరతాం! వెళ్లం అని మొరాయిస్తే మెడబట్టి గెంటయినా సరే పంపిస్తాం!" అని ఉన్నత విద్యాశాఖ మంత్రిగారు సభలో ప్రకటించగానే బల్లలు దద్దరిల్లాయి. ఎంతసేపు దద్దరిల్లాయంటే, మంత్రిగారు ఆ తరవాత చదివిన వాక్యం ఒక్కరి చెవినా పడలేదు. మొత్తం సీట్లు ఎన్నో ఆ వాక్యంలోనే ఉంది.

ఉన్నది ఒక్కటే సీటు.

సముద్రం అవతల ఒక పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ల కాళ్లూ చేతులూ పోకుండా చూడటం ఎలాగన్నది అక్కడ ఒక శాస్త్రం. ఆ శాస్త్రంలో పైచదువుకి మన దేశం నుంచి ఏడాదికి ఒక్క ఇంజనీరుని తీసుకుంటారు. ఫీజు ఉండదు, తిండీ బసా కూడా వాళ్లే చూసుకుంటారు. అయితే మూడు గండాలు దాటాలి. ఒకటి ప్రవేశ పరీక్ష. ఇంకొకటి, నేనెందుకు చదవాలనుకుంటున్నాను అని ఒక వ్యాసం. ఆఖర్న తెర మీద ఇంటర్వ్యూ.

"ఒక్క సీటులో నాలుగు వందల మంది ఎలా పడతారు సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"సర్దుకుంటారు. మనవాళ్లకి సర్దుకోవడం కొత్తా?" అన్నారు మంత్రిగారు. ఆ విలేఖరి మర్నాటి నుంచి ఆటల పేజీ చూసుకుంటున్నాడు.

ఈ వార్తని మూడో నంబరు పంపుహౌసులో బోల్టు చదివింది. బోల్టు అన్నది అమ్మాయి అసలు పేరు కాదు. చిన్నప్పుడు గౌను జేబుల్లో నట్లూ బోల్టులూ పోసుకుని గలగలలాడుతూ తిరిగేది కాబట్టి పంపుహౌసు జనం పెట్టిన పేరు. ఆమె నాన్న అక్కడ ఆపరేటరు. ముప్ఫై ఏళ్లుగా అదే మోటారు, అదే పంపు, ఆ రెంటినీ కలుపుతూ రయ్యిమని తిరిగే జానెడు వెడల్పు బెల్టు. ఊళ్లో సగం మంది ఆ బెల్టు పుణ్యాన్నే మొహం కడుక్కుంటున్నారు. బోల్టు మెకానికల్ ఇంజనీరింగు చదివి, అక్కడే అప్రెంటిసుగా చేరి, ఏడాదిగా ఆ ఒక్క సీటు కోసమే పరీక్షకి చదువుతోంది. రావలసిన ఇంగ్లీషు మాటలు మూడువేల అయిదు వందలు. వాటిని గోడ మీద ప్రెషరు రీడింగుల పక్కనే సుద్దముక్కతో రాసుకుంది. గంటకో రీడింగు, గంటకి పది మాటలు. మోటారు మోతలో గొంతు చించుకుంటే తప్ప తన చదువు తనకే వినపడదు. దాంతో ఆ మాటలు నాన్నకీ పట్టుబడ్డాయి. వాల్వు మొండికేసినప్పుడల్లా, "ఇవాళ ఇది మహా అబ్‌స్టినేట్‌గా ఉందమ్మా" అనేవాడు.

గోడ మీద మరో రెండు వస్తువులు ఉండేవి. ఒక మేకుకి కత్తెర, దాని పక్క మేకుకి ఎర్ర రిబ్బను కట్టిన మూరెడు జడ. ఆ జడ బోల్టుదే. తొమ్మిదేళ్లప్పుడు వంగి బోల్టు ఏరుకుంటుంటే జడ ఎగిరి బెల్టులో చిక్కింది. నాన్న ఒక్క దూకు దూకి కత్తెరతో కత్తిరించేశాడు. పిల్ల దక్కింది, జడ మిగిలింది. అప్పటి నుంచి కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ నాన్న ఆ జడ చూపించి, "అటు పక్కకి పోకు నాయనా" అని చెప్పేవాడు. పంపుహౌసు మొత్తానికి ఉన్న భద్రతా పరికరం అదొక్కటే.

బెల్టు చుట్టూ ఇనప జాలీ గార్డు ఒకటి బిగించమని నాన్న ఏటేటా అర్జీ పెట్టేవాడు. పద్నాలుగేళ్లలో పద్నాలుగు అర్జీలు. బోల్టుకి గీతలు గీయడం వచ్చాక కొలతలతో సహా డ్రాయింగు గీసి జతచేసేది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, పన్నెండు బోల్టులు. పద్నాలుగుసార్లూ ఒకటే జవాబు. పరిశీలనలో ఉంది.

"మంత్రిగారి పథకంలో చేరతాను నాన్నా" అంది బోల్టు, పేపరు మడిచి.

"బెల్టుకి గార్డు వెయ్యలేనివాళ్లు నిన్ను సముద్రం దాటిస్తారటే?"

"చేరకపోతే పరీక్ష రాయడానికే లేదు. పరీక్ష కేంద్రంలో ఉన్న కుర్చీలన్నీ పథకం వాళ్లే బుక్ చేసేశారు."

నాన్న తల గోక్కున్నాడు. "అయితే చేరు. నీ తలరాత ఎలా ఉందో ఏమో. జడ మాత్రం జాగ్రత్త" అన్నాడు.

*

పథకం కింద తెరిచిన కోచింగు కేంద్రం డైరెక్టరుగారు పూర్వం పశుసంవర్ధక శాఖలో ఉండేవారు. నాలుగు వందల శాల్తీల్ని ఒకచోట చేర్చి ఒకే దిక్కుగా నడిపించడంలో ఆయన అనుభవం అపారమనే ఈ పదవికి ఎంపిక చేశారు. మొదటిరోజే అందరినీ లెక్కపెట్టారు. సాయంత్రం మళ్లీ లెక్కపెట్టారు. తగ్గలేదని సంతోషించారు.

రెండో రోజు మంత్రిగారు విచ్చేశారు. నిలువెత్తు మనిషి. నున్నటి బట్టతల. భుజాల మీంచి మోకాళ్ల దాకా వేలాడే ఊదారంగు శాలువా. ఎండైనా వానైనా శాలువా తీయరు. పక్కన పీఏ. మంత్రిగారు ఏమన్నా, "రాసుకున్నాను సార్" అనడం పీఏ ఉద్యోగం. విదేశీయులు ఎవరైనా ఉంటే ఆ అన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం అదనపు బాధ్యత.

మంత్రిగారు బల్ల మీద ఉన్న మాటల జాబితా చేతిలోకి తీసుకున్నారు. "మూడువేల అయిదు వందల మాటలా! పిల్లల మీద ఇంత భారమా! నలభై ఏళ్ల నా రాజకీయమంతా ఇరవై మాటల్తో వెళ్లిపోయిందయ్యా. వీటిని ముప్ఫై అయిదుకి కుదించండి."

"రాసుకున్నాను సార్."

హాలంతా చప్పట్లు. బోల్టు చెయ్యెత్తింది. "పరీక్షలో మిగతా మాటలు అడిగితేనో సార్?"

"అడగరు. ఉత్తరం రాయిస్తాను" అన్నారు మంత్రిగారు. నిజంగానే రాయించారు. పరీక్ష పెట్టే సంస్థకి, వాళ్ల అధ్యక్షుడికి, ఎందుకైనా మంచిదని వాళ్ల ఊరి పోస్టుమాస్టరుకి కూడా ఒక ప్రతి వెళ్లింది.

ఆ వారంలోనే మూడు గంటల మాక్ టెస్టు పెట్టారు. దాన్ని మంత్రిగారు స్వయంగా ప్రారంభించారు. ప్రారంభోపన్యాసం రెండు గంటల ఇరవై నిమిషాలు సాగింది. కాలం ఎంత విలువైనదో కళ్లకి కట్టినట్టు చెప్పారు. మిగిలిన నలభై నిమిషాల్లో పిల్లలు హడావిడి పడటం చూసి ఆయన మనసు కరిగిపోయి, అక్కడికక్కడే తలా పాతిక మార్కులు ప్రకటించారు. బోల్టుకి నూటికి నూట పదహారు వచ్చాయి. పేపర్లన్నీ ఫొటో వేశాయి.

"నూటికి నూట పదహారేమిటే?" అన్నాడు నాన్న.

"పాతిక మంత్రిగారివి నాన్నా."

బోల్టు మిగతా మూడువేల నాలుగు వందల అరవై అయిదు మాటలూ పంపుహౌసు గోడ మీద చదువుకుంటూనే ఉంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

*

తరవాత వ్యాసాలు. ముందు అందరివీ తన దగ్గరికి రావాలని డైరెక్టరుగారు హుకుం జారీ చేశారు. మూడు వందల తొంభై తొమ్మిది వ్యాసాలూ "చిన్నప్పటి నుంచి నాకు యంత్రాలంటే ఎనలేని ఆసక్తి" అనే మొదలయ్యాయి. బోల్టు వ్యాసం జడతో మొదలైంది. పంపుహౌసు, వంగి ఏరుకుంటున్న బోల్టు, బెల్టు, కత్తెర, నాన్న కన్నీళ్లు. ఆఖరి పేరా ఇలా రాసింది: "నన్ను ఎత్తుకుని బయటికి తెచ్చాక నేను ఏడవలేదు. ఈ బెల్టుకి అడ్డం ఎందుకు పెట్టలేదు అని నాన్నని అడిగాను. పద్నాలుగేళ్లయింది. అడ్డం ఇంకా పెట్టలేదు. ఆ అడ్డం కోసమే నేను చదవాలనుకుంటున్నాను."

డైరెక్టరుగారు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు. మంచి జాతిని గుర్తుపట్టడం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. వెంటనే అయిదుగురితో కమిటీ వేశారు. కమిటీ మూడు పూటలు కూర్చుని, ఆఖరి పేరా ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టేదిగా ఉందని కొట్టేసి, ఆ స్థానంలో "జడ తెగిన ఆ క్షణంలోనే గౌరవ మంత్రిగారి దూరదృష్టి నాకు బోధపడింది" అని చేర్చింది. ఆపైన ఉత్తర్వు వచ్చింది. ఒకే పథకం, ఒకే లక్ష్యం. నాలుగు వందల మంది లక్ష్యాలు నాలుగు వందల రకాలుగా ఉంటే విదేశాల్లో మన ఐకమత్యం గురించి ఏమనుకుంటారు? కాబట్టి అందరూ ఈ వ్యాసమే పంపాలి.

ఒక అబ్బాయి లేచాడు. "సార్, నాకు జడ లేదు."

"జడ లేనంత మాత్రాన లక్ష్యం ఉండకూడదా?"

"మా నాన్నది దర్జీపని సార్. మాకు పంపు కూడా లేదు."

"ఇంట్లో కత్తెర ఉందా?"

"ఉంది సార్."

"మరింకేం! కూర్చో."

అప్పటికే బోల్టు తన వ్యాసం ఆఖరి పేరాతో సహా విశ్వవిద్యాలయానికి పంపేసింది. సరాసరి డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది.

"సార్, అది నా వ్యాసం. అది నా జడ."

"నీది కాబట్టేనమ్మా ఎంచుకున్నాం. గర్వపడాలి."

"అందరూ అదే పంపితే నాదీ కాపీయే అనుకుంటారు సార్. నా సీటు పోతుంది."

డైరెక్టరుగారు ఆమెని జాలిగా చూశారు. "ఒకరు చేస్తే కాపీ అంటారమ్మా. అందరూ చేస్తే విధానం అంటారు."

*

ఆ వ్యాసాన్ని మంత్రిగారు సభలో చదివి వినిపించాలని పీఏ ప్రసంగం తయారుచేశాడు. "ఒక అమ్మాయి ఇలా రాసింది" అని మొదట ఒక ముక్క ఉండాలి. టైపు చేసేటప్పుడు అది ఎగిరిపోయింది. మంత్రిగారు ప్రసంగాల్ని ముందుగా చూసుకునే రకం కాదు. మాటలో తాజాదనం పోతుందని ఆయన భయం.

"నాకప్పుడు తొమ్మిదేళ్లు అధ్యక్షా!" అని గద్గదంగా అందుకున్నారు. "గౌను జేబులో బోల్టులు పోసుకుని, ఎర్ర రిబ్బను జడ ఊపుకుంటూ..."

ప్రతిపక్ష నాయకుడు లేచాడు. "అధ్యక్షా, ఒక్క సందేహం. మంత్రిగారికి జడేమిటి? బోడిగుండుకీ మోకాలికీ ముడి ఎలా పడింది?"

సభ గొల్లుమంది. వేరే ఎవరైనా అయితే నాలిక్కరుచుకునేవారు. మంత్రిగారు పుట్టిన తరవాత అన్న మాటని వెనక్కి తీసుకుని ఎరగరు. అరచేత్తో నెత్తి నిమురుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ జడ ఆనాడు తెగిపోబట్టే అధ్యక్షా, ఈ తల ఈనాడు ఇలా ఉంది!"

జడకి నివాళిగా అందరూ ఒక నిమిషం లేచి నిలబడ్డారు. ముందుగా లేచింది ప్రతిపక్ష నాయకుడే. మర్నాడు పేపర్లన్నిట్లోనూ మొదటి పేజీ: "మంత్రి జడ వెనుక కన్నీటి గాథ." గౌను మాట ఎవరూ అడగలేదు. కష్టాల్లో పెరిగినవాళ్లు ఏది దొరికితే అది తొడుక్కుంటారని ఒక సంపాదకుడు ముందుగానే రాసేశాడు.

పంపుహౌసులో నాన్న పేపరు రెండుసార్లు చదివి, మేకు మీది జడని ఒకసారి, కూతురిని ఒకసారి చూశాడు. "అమ్మా, ఆరోజు నేను కత్తిరించింది ఎవరి జడంటావ్?"

బోల్టుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వేసి, తరవాత కాసేపు ఏడ్చి, మాటల జాబితా తీసుకుంది.

*

అసలు పరీక్ష రోజున కేంద్రం గుమ్మంలో కూర్చున్న ఆవిడ, పాస్‌పోర్టుతో పాటు హాల్ టికెట్టు ఉన్నవాళ్లనే లోపలికి పంపింది. మంత్రిగారి దగ్గర పాస్‌పోర్టు మాత్రమే ఉంది. ఆయన ప్రారంభించకుండానే పరీక్ష మొదలైపోయింది. అలాంటి పరీక్షకి విలువేముంటుందని పీఏ చాలా బాధపడ్డాడు.

లోపల చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. మోటారు మోత లేకుండా బోల్టుకి ఒక్క మాటా గుర్తురాలేదు. పది నిమిషాలు బిక్కమొహం వేసుకుని కూర్చుంది. తరవాత పళ్ల బిగువున, లోలోపలే, పంపు మోత పెట్టుకుంది. ఇక మాటలు వరసగా గోడ మీది నుంచి దిగి వచ్చాయి. అబ్‌స్టినేట్ అన్న మాట వచ్చిన చోట నాన్న గొంతు కూడా వినిపించింది.

నాలుగు వందల మందిలో పదకొండుమంది గట్టెక్కారు. అందరికన్నా ఎక్కువ మార్కులు బోల్టువి. "పరీక్షకి హాజరవడంలో మనవాళ్లు నూటికి నూరు శాతం సాధించారు" అని మంత్రిగారు ప్రకటించారు.

ఆ తరవాత విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. "మీ దేశం నుంచి వచ్చిన నాలుగు వందల వ్యాసాలూ చదివాం. నాలుగు వందల మందికీ తొమ్మిదో ఏటనే పంపుహౌసు బెల్టులో జడ తెగినట్టు తెలిసి తీవ్రమైన ఆందోళనకి గురయ్యాం. మా పద్ధతి ప్రకారం పేర్లు తీసేసి చదువుతాం కాబట్టి ఏది ఎవరిదో మాకు తెలియదు. ఒక్క వ్యాసంలో మాత్రం ఆఖరి పేరా వేరుగా ఉంది. పదకొండుమందినీ ఇంటర్వ్యూలో ఒక్కటే ప్రశ్న అడుగుతాం. జవాబు ఎవరు చెబితే సీటు వాళ్లది."

పదకొండుమందికీ ఉత్తరం ప్రతులు ఇచ్చారు. బోల్టు అది పట్టుకుని పంపుహౌసు దాకా పరిగెత్తింది. "నాన్నా! ఆ ప్రశ్న ఏదో నాకు తెలుసు! జవాబు ప్రపంచం మొత్తంలో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు! నన్ను అడిగితే చాలు నాన్నా, నోరు తెరిస్తే చాలు!"

నాన్న మేకు మీది కత్తెర తీసి, ఊరికే ఒకసారి నూనె వేసి తుడిచి మళ్లీ తగిలించాడు. ఆయన సంతోషం అలాగే ఉంటుంది.

*

ఇంటర్వ్యూలు పంపుహౌసులోనే జరగాలని మంత్రిగారు పట్టుబట్టారు. తన జడ తెగిన చారిత్రక స్థలం కదా. బెల్టుకి మూడడుగుల దూరంలో బల్ల వేశారు. కంప్యూటరు పెట్టారు. దాని వైరు తెచ్చి మోటారు మెయిన్ బోర్డులోనే గుచ్చారు.

"మోటారు ఆపేస్తానండీ. మాటలు వినపడవు" అన్నాడు నాన్న.

"వద్దు. వాతావరణం సహజంగా ఉండాలి" అన్నారు మంత్రిగారు, అభ్యర్థి కుర్చీ పక్కనే కుర్చీ వేయించుకుంటూ.

"అయితే ఆ శాలువా కాస్త..."

"ఆపరేటరువి, ఆపరేటరులా ఉండు" అన్నాడు పీఏ.

తెర మీద తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ కనిపించింది. అందరినీ ఒకటే ప్రశ్న. "జడ కత్తిరించాక మీ నాన్నని మీరు ఏమడిగారు?" మొదటి అబ్బాయి "ధన్యవాదాలు నాన్నా అన్నాను" అన్నాడు. రెండోవాడు "మంత్రిగారు ఎక్కడ అని అడిగాను" అన్నాడు. దర్జీగారి అబ్బాయి కాసేపు ఆలోచించి, "గుడ్డ ఎన్ని గజాలు అని అడిగానండి" అన్నాడు. ఆ ఒక్కడూ నిజం చెప్పాడు. ప్రొఫెసరమ్మ ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. పదిమంది అయిపోయారు.

పదకొండోది బోల్టు. గోడ వారగా నాన్న నిలబడ్డాడు.

"మీ నాన్నని మీరు ఏమడిగారు?" అంది ప్రొఫెసరమ్మ.

బోల్టు నోరు తెరిచింది. మంత్రిగారు మైకు లాక్కున్నారు.

"ఒక్క నిమిషమమ్మా! జడ గురించి వాళ్లనీ వీళ్లనీ అడిగితే ఏం తెలుస్తుంది? నన్ను అడగాలి!" అంటూ లేచి నిలబడి, సభలో నిలబడ్డట్టే చెయ్యి ఎత్తి, శాలువా కొంగు వెనక్కి విసిరారు.

కొంగు వెళ్లి బెల్టులో పడింది.

కళ్లు మూసి తెరిచేలోగా శాలువా బిగుసుకుని మంత్రిగారు వెనక్కి ఈడ్చుకుపోయారు. పీఏ "రాసుకున్నాను సార్" అన్నాడు. నాన్న ఎగిరి మేకు మీది కత్తెర అందుకున్నాడు. పద్నాలుగేళ్ల కిందట దూకిన దూకే దూకాడు. కచక్! మంత్రిగారు కుర్చీలో కూలబడ్డారు. మొహం సున్నం కొట్టినట్టయింది. జీవితంలో మొట్టమొదటిసారి ఎవరూ రాసివ్వని మాట ఒకటి ఆయన నోట్లోంచి ఊడిపడింది.

"ఈ బెల్టుకి అడ్డం ఎందుకు పెట్టలేదయ్యా!"

పీఏ అలవాటు కొద్దీ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి మైకులో అరిచాడు.

తెర మీద ప్రొఫెసరమ్మ దిగ్గున లేచి నిలబడింది. "అదే! అక్షరాలా అదే! ఇన్నాళ్లకి దొరికారు. సీటు మీది. మీ పేరు చెప్పండి!"

పీఏ మంత్రిగారి పేరు చెప్పాడు. ఎవరు ఏ పేరడిగినా అతను ఆ పేరే చెబుతాడు.

"ఆ మాట నాదండీ!" అని బోల్టు అరిచింది. మోటారు మోతలో కలిసిపోయింది. కూతురి గొంతు వినపడాలని నాన్న ఒక్క అంగలో వెళ్లి మెయిన్ లాగేశాడు. మోటారు ఆగింది. కంప్యూటరూ ఆగింది. తెర నల్లగా అయిపోయింది.

"ఆ మాట నాదండీ!" అని బోల్టు రెండోసారి అరిచింది. ఈసారి పంపుహౌసు మారుమూలలకి కూడా ఖణేల్మని వినపడింది. వినాల్సినావిడ ఒక్కతే లేదు.

నాన్న మెయిన్ పిడి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నేనే ఆపేశానమ్మా. నా చేతుల్తో నేనే..." అన్నాడు. ఆ మనిషి ఏడవడం బోల్టు అంతకుముందు ఒక్కసారే చూసింది.

*

మంత్రిగారికి విదేశీ సీటు! ఊరేగింపు తీశారు. మూడో రోజున మంత్రిగారు విలేఖరుల్ని పిలిచి, ప్రజలని విడిచి వెళ్లలేక ఆ సీటుని త్యాగం చేస్తున్నట్టు ప్రకటించారు. విలేఖరులు కూడా కళ్లొత్తుకున్నారు.

బోల్టు ఆ సాయంత్రమే పీఏ ముందు నిలబడింది. అప్పటికే విశ్వవిద్యాలయానికి తన గోడు తను రాసి చూసింది. "ప్రవేశం పొందిన వ్యక్తి జీవితచరిత్రకి మీ వ్యాసం దగ్గరగా ఉంది. వచ్చే ఏడాది సొంతంగా రాయండి" అని జవాబు వచ్చింది.

"సార్ ఎలాగూ త్యాగం చేసేశారుగా. ఆ సీటు నాకిమ్మని ఒక్క ముక్క రాయించండి."

"త్యాగం చేసిన సీట్లో ఇంకొకళ్లు కూర్చుంటే అది త్యాగం ఎలా అవుతుందమ్మా?" అన్నాడు పీఏ ఓపిగ్గా. "బదిలీ అవుతుంది. ఖాళీగా ఉంటేనే దానికి గౌరవం."

వారం తిరక్కుండా పీఏ మనుషుల్ని వెంటేసుకుని పంపుహౌసుకి వచ్చాడు. మేకు మీది జడని జాగ్రత్తగా దింపి, పట్టుగుడ్డలో చుట్టి, అక్కడే కొత్తగా కట్టిన దిమ్మ మీద గాజుపెట్టెలో పెట్టించాడు. కింద రాగి రేకు మీద అక్షరాలు: "మంత్రిగారి జడ." జనం తోసుకుని వచ్చి చూస్తున్నారు. గాజు మీద వేలిముద్రలు పడుతున్నాయని పీఏకి బెంగ పట్టుకుంది. దిమ్మ చుట్టూ ఏదైనా కంచె ఉండాలన్నాడు. డ్రాయింగు కోసం ఫైళ్లు వెతికితే పద్నాలుగు అర్జీల కింద ఒకటి చక్కగా కొలతలతో సహా దొరికింది. ఇరవై నాలుగు గంటల్లో ఇనప జాలీ తయారై వచ్చింది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, పన్నెండు బోల్టులు.

గాజుపెట్టె చుట్టూ దాన్ని బిగించి వెళ్లారు. మూడడుగుల అవతల బెల్టు ఎప్పట్లాగే రయ్యిమని తిరుగుతోంది. ఇప్పుడు కొత్తవాళ్లకి చూపించడానికి మేకు మీద జడ కూడా లేదు.

బోల్టు జాలీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. టేపు పెట్టి కొలిచింది. ఒక్క నూలు తేడా లేదు. తన డ్రాయింగు ఇనుములోకి దిగడం ఆమె చూడటం అదే మొదటిసారి. ఇంత కోపంలోనూ లోపల ఎక్కడో పొంగిపోయింది, సిగ్గు లేకుండా.

"నాన్నా, పన్నెండో నంబరు స్పానరు ఇటివ్వు."

నాన్న ఆమెని ఎగాదిగా చూశాడు. స్పానరు ఇచ్చాడు. తనూ ఒకటి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గగ్గోలు. మంత్రిగారి జడ చుట్టూ ఉన్న కంచెని దొంగలెత్తుకుపోయారు! పీఏ గుండెలు బాదుకున్నాడు. ఇన్‌స్పెక్టరుగారు ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చి, దిమ్మ చుట్టూ మిగిలిన పన్నెండు కన్నాల్నీ లెక్కపెట్టారు. కంచె ఎలా ఉండేదని అడిగితే నాన్న కొలతలు చెప్పాడు. ఇన్‌స్పెక్టరుగారికి రాసుకోవడానికి బల్ల కనపడలేదు. బెల్టు చుట్టూ బిగించి ఉన్న జాలీ మీద కాగితం పెట్టుకుని, దానికే మోచెయ్యి ఆనించి, పంచనామా మొత్తం రాశారు. వంగినప్పుడు ఆయన మెళ్లో ఈల తాడు ఎగిరి జాలీకి తగిలి ఆగింది. "మోత ఎక్కువగా ఉందయ్యా ఇక్కడ" అని చెవి మూసుకుని వెళ్లిపోయారు.

బోల్టు సంచీలోంచి కాగితాలు తీసింది. ఆ సీటుకి పెట్టిన వయోపరిమితి ప్రకారం ఆమెకి ఇంకొక్క ఏడాదే మిగిలింది. గోడ మీద మాటలు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ముందు వ్యాసం. మొదటి వాక్యం రాసి నాన్నకి ఇచ్చింది.

నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, మోటారు మోతలో పైకి చదివాడు. "'నేను ప్రభుత్వ ఆస్తి దొంగిలించాను.' ఇదేమిటే, ఇలా రాస్తే సీటిస్తారా?"

"ఇస్తారో ఇవ్వరో తెలీదు నాన్నా" అంది బోల్టు. "సభలో నిలబడి ఇది నాదేనని మాత్రం ఎవరూ చదవరు."